పాత అంబాసిడర్‌కు ఇంజిన్ మార్చొద్దు

యాభై ఏళ్లు దాటిన అంబాసిడర్‌ను బాగు చేయించదలచినవారు ముందుగా ఇంజిన్, ఛాసిస్ నంబర్లను రిజిస్ట్రేషన్ పత్రంతో సరిచూసుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లను మార్చిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ లభించదు. మైలేజీ కోసం డీజిల్ ఇంజిన్ బిగిస్తే ఆ అవకాశం పోయినట్లే.

ఉత్తరపారా కర్మాగారంలో 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. అయినా విడిభాగాలు దొరకవన్నది సగమే నిజం. ఈ కారుకు మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3. పాత బండ్లలో ఎక్కువగా కనిపించే 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా ఆ దేశపు బీఎంసీ రూపకల్పనే. అందువల్ల మోరిస్ వర్క్‌షాప్ మాన్యువల్ ఇక్కడి మెకానిక్‌కూ అక్కరకొస్తుంది. చెన్నై పుదుపేట వంటి పాత సామాన్ల బజార్లకు వెళ్లేవారు అరిగిన భాగాన్ని వెంట తీసుకెళ్లడం మేలు. మార్క్-1, మార్క్-2 బండ్ల గ్రిల్‌లు ఒకటి కావు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ రుసుము రూ.20 వేలు, గడువు పదేళ్లు. అయితే ఆ బండిని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు.