భౌతిక దూరం - అంటువ్యాధుల గణిత నమూనా

మనుషుల మధ్య కలయికలు తగ్గినపుడు అంటువ్యాధి వ్యాప్తి ఎంత తగ్గుతుందో సమీకరణాల ద్వారా అంచనా వేయడానికి గణిత నమూనాలను ఉపయోగిస్తారు. 2020లో కోవిడ్-19 కాలంలో "సామాజిక దూరం" అనే మాట ప్రచారంలోకి వచ్చింది. కులభేదాలను స్ఫురింపజేసే ఆ మాటకంటె "భౌతిక దూరం" అనడమే ఉచితం. ప్లేగు రోజులలో దక్కను గ్రామీణులు ఊరు విడిచి పొలాలలో గుడిసెలు వేసుకొనడం కూడా ఈ కోవకు చెందినదే.

చరిత్ర

సర్ రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన సంగతి సుప్రసిద్ధం. ఆయనే తరువాత మలేరియా వ్యాప్తికి సమీకరణాలు కూర్చాడన్నది అంతగా తెలియని విషయం. దోమలన్నిటినీ నిర్మూలించనక్కరలేదని, వాటి సంఖ్య ఒక హద్దుకంటె తగ్గితే వ్యాధి క్రమంగా అంతరిస్తుందని ఆయన గణితం చూపింది. భౌతిక దూరపు లెక్కలకు కూడా ఈ "హద్దు" భావనే ఆధారం. 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్‌లు తమ సిద్ధాంతాన్ని 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో పోల్చి చూశారు. మెక్‌కెండ్రిక్ భారత వైద్య సేవలో పనిచేసినవాడు.

నమూనా

జనాభాను వ్యాధి సోకగలవారు, సోకినవారు, కోలుకొన్నవారు (లేక మరణించినవారు) అని మూడు వర్గాలుగా విభజిస్తారు. కొత్తగా వ్యాధి సోకేవారి సంఖ్య మొదటి రెండు వర్గాల లబ్ధానికి అనుపాతంలో ఉంటుంది. అందరికీ వ్యాధి సోకే అవకాశమున్న దశలో ఒక రోగి సగటున ఎంతమందికి వ్యాధిని అంటిస్తాడో ఆ సంఖ్యను మూల పునరుత్పత్తి సంఖ్య అంటారు. అది 2.5 అయితే, కలయికలు 60 శాతానికి మించి తగ్గినపుడు ఒకటికంటె తక్కువై వ్యాధి క్షీణిస్తుంది.

ఉదాహరణకు కామారెడ్డి జిల్లాలోని నస్రుల్లాబాద్, బాన్సువాడ ప్రాంతంలో 10,000 మంది గల ఒక సముదాయాన్ని ఊహిద్దాం. ఏ కట్టడీ లేకపోతే వ్యాధి ఉధృతమైన రోజున ఏకకాలంలో సుమారు 2,300 మంది రోగులుంటారు. కలయికలు 40 శాతం తగ్గితే ఆ సంఖ్య సుమారు 630 మాత్రమే. మొత్తం మీద వ్యాధి సోకేవారు దాదాపు 8,900 నుండి 5,800కు తగ్గుతారు. ఆసుపత్రిలో పడకలు చాలునా లేదా అన్నది ఈ తేడాను బట్టే తేలుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కట్టడి మరీ గట్టిగా ఉంటే వ్యాధి సోకనివారే ఎక్కువమంది మిగులుతారు. దానిని ఎత్తివేసిన తరువాత వ్యాధి ఏ కొద్దిగా మిగిలి ఉన్నా మరో అల లేస్తుంది. కనుక భౌతిక దూరం టీకా వచ్చేవరకు వ్యవధినిచ్చేదే గాని చికిత్స కాదు.

పరిమితులు

అందరూ అందరితో సమానంగా కలుస్తారన్నది ఈ నమూనా ఊహ. వారపు సంతకు వెళ్ళేవారిని, ఇల్లు కదలని వృద్ధులను ఒకే గాట కట్టడం వాస్తవానికి దూరం.

ఐఐటీ హైదరాబాదు ఆచార్యుడు ఎం. విద్యాసాగర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సమితి 2020 అక్టోబరులో తన అంచనాలను వెలువరించింది. లాక్‌డౌన్ లేకుంటే 2020 జూన్ నాటికే లక్షణాలున్న క్రియాశీల రోగుల సంఖ్య 1.4 కోట్లు దాటేదని, జాగ్రత్తలు కొనసాగిస్తే 2021 ఫిబ్రవరికి వ్యాధి అదుపులోకి వస్తుందని పేర్కొన్నది. అయితే 2021 ఏప్రిల్, మే నెలలలో డెల్టా రకంతో రెండవ అల విరుచుకుపడి, రోజుకు 4 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. వైరస్ వ్యాపించే వేగం, జనుల కలయికలు రెండూ మారడంతో పాత విలువలపై ఆధారపడిన అంచనా నిలువలేదు.