గనిలోని స్త్రీలు

బొగ్గుగనిలోనికి దిగి చూచివచ్చినవారి మాటలు చట్టమునే పుట్టించిన సందర్భ మొకటి కలదు. 1840లో బ్రిటన్‌లో నియమింపబడిన విచారణసంఘము పంపిన అధికారులు పని జరుగుచున్న గనులలోనికే దిగిరి. అచ్చట ఐదాఱేండ్ల బిడ్డలు సైతము చీకటిలో ఒంటరిగా కూర్చుండి, బొగ్గుబండ్లు వచ్చినపుడెల్ల తలుపులు తెఱచి మూయుచుండిరి. ఆ తలుపు మూయుట మఱచినచో గాలి దారితప్పి మండెడు వాయువు పేరుకొనును. అనగా అందఱి ప్రాణములును ఆ పసివాని చేతిలో నుండెను! కొన్ని గనులలో స్త్రీలు నడుమునకు పటకా బిగించి, దానికి గొలుసు తగిలించుకొని, ప్రాకుచు బండ్ల నీడ్చుచుండిరి.

1842లో వెలువడిన నివేదికలోని బొమ్మలను చూచి పెద్దలు సిగ్గుపడిరి. ఆ యేటనే స్త్రీలును, పదియేండ్లలోపు బాలురును గనిలో పనిచేయరాదని చట్టమైనది. మంచిదే. కాని కూలి కోల్పోయిన స్త్రీకి వేఱొక బ్రతుకుతెరువు నా చట్టము చూపలేదు. కొందఱు చాటుగా మరల దిగిరి.

మన దేశమునను 1929 మొదలు స్త్రీలను క్రమముగా తొలగించి, 1937 నాటికి పూర్తిగా మాన్పించిరి. 1943లో, యుద్ధమునకు బొగ్గు చాలకపోగా, ఆ నిషేధమునే కొన్ని రాష్ట్రములలో సడలించి వారిని మరల దింపిరి. 1946లో మరల వెలుపలికి పంపిరి. వారి నడిగినవా రెవరు? 2019లో సాంకేతిక, పర్యవేక్షణాది పనులకు స్త్రీలు పగటివేళ గనిలో దిగవచ్చునని ప్రభుత్వ మనుమతించుచు, అందులకు వారి లిఖితపూర్వకమైన సమ్మతి యుండవలెనని నిబంధన చేర్చినది.