గుడి గోడకు మినహాయింపు, పద్యానికి సంకెళ్లు

పల్నాడులో రాతి పని అనగానే మాచర్ల దగ్గరి దుర్గి గుర్తొస్తుంది. రుద్రమదేవి కాలంలో, 1269లో జన్నిగదేవుడు వేయించిన శాసనం ఆ ఊళ్లోనిదే. దుర్గి రాతి శిల్పాలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సున్నపురాయి మీద ఉలి ఆనించి సుత్తితో తట్టే ఆ చేతుల్లోంచి బుద్ధుడూ వస్తాడు, వెంకటేశ్వరుడూ వస్తాడు. అక్కడి శిల్పి ఒకరు మిథున శిల్పం చెక్కారనుకుందాం. అది గుడి గోపురం ఎక్కితే చట్టం దాని జోలికి రాదు. రథం మీద బిగించినా రాదు. అదే శిల్పం హైదరాబాదులో ఒక దుకాణం అద్దాల వెనక నిలబడిందా, ఎవరో ఒకరు ఫిర్యాదు చేసిన రోజున ‘ఇది కళే మహాప్రభో’ అని రుజువు చేసుకోవలసి వస్తుంది.

ఈ తేడా నిన్నా మొన్నా పుట్టింది కాదు. అశ్లీల పుస్తకాలు, బొమ్మల మీద కుంపిణీ ప్రభుత్వం 1856లోనే చట్టం తెచ్చింది. దేవాలయాల మీద, దేవుళ్లను ఊరేగించే రథాల మీద ఉన్న బొమ్మలకు మాత్రం అందులో మినహాయింపు ఇచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి 292వ సెక్షన్‌లో ఆ మాటే కొనసాగింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 294వ సెక్షన్ అయింది, గుడీ రథమూ అలాగే ఉన్నాయి. భక్తుల కోపానికి జడిశారో, ఎన్ని గోడలకని సున్నం కొట్టిస్తామనుకున్నారో గానీ, దొరలు రాతిని వదిలేశారు. కాగితాన్ని వదల్లేదు.

ఆ సంగతి పుస్తక ప్రచురణకర్తలైన వావిళ్ల వారికి 1911లో తెలిసొచ్చింది. తంజావూరును ప్రతాపసింహుడు ఏలిన కాలంలో (1739–63) ఆ కొలువులో ఉన్న ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రాసింది. తాను పెంచిన ఇళకు రాధే దగ్గరుండి కృష్ణుడితో పెళ్లి చేయిస్తుంది, తర్వాత తానే విరహంతో కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి అలక తీర్చాలి. కథ ఇంతే. కోరిక మగవాడి సొత్తు కాదని ఒక స్త్రీ పద్యాల్లో చెప్పడం ఒక్కటే అందులోని విడ్డూరం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలూ, కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగమూ ఎగిరిపోయాయి. కందుకూరి వీరేశలింగం తన ‘కవుల చరిత్ర’లో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆ శృంగారం స్త్రీల నోట రాదగింది కాదని ఈసడించారు.

బెంగళూరు నాగరత్నమ్మకు ఇది మింగుడు పడలేదు. ఆమె స్వయంగా గాయని, దేవదాసీ కుటుంబంలో పుట్టినామె. పూర్తి ప్రతిని వెతికించి, పరిష్కరించి 1910లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ ద్వారా అచ్చు వేయించింది. సిగ్గూ ఎగ్గూ ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని పీఠికలో నిలదీసింది. వీరేశలింగం చేతి మీదుగా అచ్చయిన ‘వైజయంతీ విలాసం’ సంగతేమిటని కూడా అడిగింది. తెలుగులో అశ్లీలం మీద జరిగిన చర్చల్లో ఇంత సూటిగా తగిలిన ప్రశ్న మరొకటి లేదు.

జవాబు పోలీసులు ఇచ్చారు. ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరమైన పద్యాలకు గుర్తులు పెట్టాడు. 1911లో ప్రతులు జప్తయ్యాయి. పండితులు వినతిపత్రాలు పెట్టుకున్నా ఫలితం లేదు. సాహిత్యానికీ కళకూ చట్టంలో మినహాయింపు దొరికింది 1969 సవరణతోనే. కృష్ణుడు గోడ మీద ఉంటే దేవుడు, పుస్తకంలో ఉంటే ముద్దాయి. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యాక నిషేధం తొలగింది, 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. ముప్పై అయిదేళ్లకు పైగా నీతి పేరిట దాచిన ఆ పుస్తకంలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదన్నది గుర్తుంచుకోవాలి.

గీత పడ్డ కథ శతాబ్దం తర్వాత హైదరాబాదులో మొదలైంది. 1996 నుంచి అక్రమ రవాణా బాధితుల కోసం పనిచేస్తున్న ‘ప్రజ్వల’ సంస్థ నాయకురాలు సునీతా కృష్ణన్‌కు 2015లో రెండు వీడియోలు చేరాయి. అవి నటన కాదు, నిజమైన సామూహిక అత్యాచారాలు. చేసినవాళ్లే తీసి, వాట్సాప్‌లో వదిలారు. ఆమె బాధితుల ముఖాలు మసకబరిచి, నేరస్థుల ముఖాలు కనిపించేలా ప్రచారం మొదలుపెడితే ఆమె కారు మీద రాళ్లు పడ్డాయి. ఫిబ్రవరి 18న భారత ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్. దత్తుకు ‘ప్రజ్వల’ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు కేసుగా స్వీకరించింది, దర్యాప్తు సీబీఐకి వెళ్లింది.

అదే ఏడాది జులైలో అదే దత్తు ముందుకు మరో వ్యాజ్యం వచ్చింది. పోర్న్ మొత్తాన్ని నిషేధించాలని న్యాయవాది కమలేశ్ వాస్వానీ కోరారు. వయసొచ్చినవాడు తన గదిలో తలుపేసుకుని చూస్తే ఎలా ఆపగలమని దత్తు మధ్యంతర ఆదేశానికి ఒప్పుకోలేదు. అయినా ప్రభుత్వం నీతినీ మర్యాదనూ చూపించి జులై 31న 857 సైట్లను మూయమంది. గోల లేచాక వారంలోపే, పిల్లల మీద అకృత్యాల సైట్లకే అది వర్తిస్తుందని వెనక్కి తగ్గింది. ప్రతి పడకగదిలోనూ ప్రభుత్వం ఉండలేదని అటార్నీ జనరల్ కోర్టుకు చెప్పారు.

దత్తు రెండు నాల్కలతో మాట్లాడారని అనిపించవచ్చు గానీ, ఆ రెండు కేసులూ ఒక జాతివి కావు. వాస్వానీ కేసులో చూసేవాడి మనసు చెడుతుందన్న భయం, ప్రజ్వల కేసులో తెర మీద ఉన్న మనిషికి జరిగిన దారుణం. 294వ సెక్షన్ అడిగేది మొదటి ప్రశ్నే: ఇది కామాన్ని రెచ్చగొడుతుందా, చదివినవాళ్లను చెడగొడుతుందా? తెర మీద ఉన్నామె ఒప్పుకుందా, దెబ్బలు నిజమైనవా అని ఆ సెక్షన్ అడగదు. ఆ గొడవంతా వేరే సెక్షన్లకు వదిలేసింది.

బయటి దేశాలు ఈ ముడి విప్పబోయి మరికొన్ని ముళ్లు వేసుకున్నాయి. 2003లో జరిగిన ఒక హత్య తర్వాత బ్రిటన్ 2008లో, ప్రాణం మీదికి తెచ్చే హింస ఉన్న అశ్లీల చిత్రాలను దగ్గర ఉంచుకోవడమే నేరమంది, 2015లో అత్యాచార దృశ్యాలనూ చేర్చింది. కెనడా సుప్రీంకోర్టు 1992 ఫిబ్రవరిలో బట్లర్ కేసులో, చూడాల్సింది నీతిని కాదు, స్త్రీలకు జరిగే హానిని అని తీర్పిచ్చింది. స్త్రీవాదులు చాలామంది సంబరపడ్డారు. కొద్ది నెలల్లోనే టొరంటో పోలీసులు ఆ తీర్పు పట్టుకుని వెళ్లింది స్వలింగ ప్రేమికుల పుస్తకాల దుకాణానికి, పట్టుకొచ్చింది లెస్బియన్ స్త్రీలు తమ కోసం వేసుకున్న పత్రికను. నాగరత్నమ్మ ఉండి ఉంటే ఆశ్చర్యపోయేది కాదు.

అత్యాచారాన్ని నటించి చూపే చిత్రాల దగ్గర ఈ వాదం ఇంకా తేలలేదు. నటీనటులు ఒప్పుకునే చేశారంటే హాని ఎక్కడుందని ఒకరు, చూసి నేర్చుకునే కుర్రాళ్ల సంగతేమిటని ఇంకొకరు. రెండో ప్రశ్నను కొట్టిపారేయలేం. దానికి జవాబుగా నీతి పేరిట నిషేధం కోరేవాళ్లు 1911 జప్తు జాబితానూ, టొరంటో దుకాణాన్నీ ఒకసారి చూడాలి. ఆ అధికారం చేతికొచ్చినప్పుడు సర్కారు ముందుగా ఎవరి మీద వాడిందో వాటిలో ఉంది.

ప్రజ్వల ఉత్తరంతో జరిగిన పని మాత్రం నీతి జోలికి పోలేదు. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ కంపెనీలు కోర్టుకు వచ్చి, అలాంటి వీడియోలను ఎలా తీసేయవచ్చో కమిటీలో కూర్చుని తేల్చవలసి వచ్చింది. 2018లో కేంద్రం సైబర్ నేరాల ఫిర్యాదుల పోర్టల్ తెరిచింది. అత్యాచార వీడియోల మీదా, పిల్లల మీద అకృత్యాల మీదా పేరు చెప్పకుండానే అందులో ఫిర్యాదు చేయవచ్చు. 2019లో దాన్ని అన్ని సైబర్ నేరాలకూ విస్తరించారు. ఇప్పుడు అక్కడికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం డబ్బు మోసాలవే.