ఈ ఇల్లు ఏ స్కూలు కిందికి వస్తుంది?

డాలస్‌కు ఉత్తరాన ప్లానో, ఫ్రిస్కో, కాపెల్, అలెన్ ఊళ్లలో ఇల్లు చూడటానికి బయల్దేరిన తెలుగువాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఇది ఏ స్కూలు కిందికి వస్తుంది?" తూర్పు ముఖమా కాదా అన్నది ఆ తర్వాత. నేను ప్లానోలో ఉంటాను, పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌ని. ఇల్లు కొనబోయే మనవాళ్లు కాగితాలు పట్టుకుని సలహాకి వస్తుంటారు. స్కూలుకి పదికి తొమ్మిది రేటింగ్ ఉంటే చాలు, ఇల్లు పాతదైనా, ధర ఎక్కువైనా సర్దుకుంటామంటారు. పిల్లల చదువు కోసం పల్లెలో పొలం వదిలి గుంటూరులో గది అద్దెకు తీసుకుని, వండిపెట్టడానికి నాయనమ్మను తోడు పంపిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లం. ఆ తపనను నేనెందుకు తప్పుపడతాను? కానీ ఏ గీతను చూసి మనం ఇల్లు కొంటున్నామో ఆ గీత వెనక చాలా కథ ఉంది. అది తెలిసి కొనాలని నా కోరిక.

వచ్చినవాళ్లకు ముందు ఆస్తి పన్ను బిల్లు చూపిస్తాను. అక్టోబరు నుంచి వచ్చే ఆ కాగితం మీద కౌంటీకి ఇంత, సిటీకి ఇంత, కాలిన్ కాలేజీకి ఇంత, ఐఎస్‌డీకి ఇంత అని వరసగా ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద అంకె ఐఎస్‌డీది, అంటే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. జనవరి 31 లోపు కట్టేయాలి. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ సిటీలో ఒక శాఖ కాదు. దానికి వేరే ఎన్నికలు, వేరే ట్రస్టీలు, వేరే పన్ను. హద్దులు కూడా వేరే. అర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో కొన్ని వీధులు కాపెల్ ఐఎస్‌డీలోకి వస్తాయి. డాలస్ నగరంలోనే ఉత్తరపు కొస పిల్లలు కొందరు ప్లానో బడులకు వెళ్తారు. మామూలు మ్యాపులో కనపడని ఈ హద్దే ఇంటి ధరను మార్చేస్తుంది.

స్థానికుల డబ్బుతో, స్థానికుల అజమాయిషీలో బడి నడవాలన్న ఆలోచన అమెరికాలో చాలా పాతది. 1647లో మసాచుసెట్స్ వలస ప్రభుత్వం 50 ఇళ్లున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే పంతుల్ని పెట్టుకోవాలని చట్టం చేసింది. ఊరికో బడి, బడికో కమిటీ. 1939-40 నాటికి దేశంలో 1,17,000 పైచిలుకు స్కూల్ డిస్ట్రిక్టులు ఉండేవి. కలిపేస్తూ పోగా ఇప్పుడు దాదాపు 13,000 మిగిలాయి. సంఖ్య తగ్గినా సూత్రం మారలేదు: నీ ఊరి ఆస్తి విలువను బట్టే నీ బడి.

ఆ ఆస్తి విలువ తనంతట తాను పెరగలేదు, తరగలేదు. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇళ్ల అప్పులకు పూచీ పడటం మొదలుపెట్టింది. ఏ పేటకు పూచీ పడొచ్చో, దేనికి కూడదో చెప్పే దాని మాన్యువల్‌లో బడుల ప్రస్తావన కూడా ఉంది. వేరే జాతి పిల్లలో, తక్కువ స్థాయి అనుకున్న కుటుంబాల పిల్లలో ఎక్కువగా ఉన్న బడికి వెళ్లాల్సివస్తే ఆ పేట నిలకడ తగ్గుతుందని అప్పు లెక్కగట్టేవాళ్లకు అది చెప్పింది. బడిని చూసి ఇంటికి వెలకట్టే అలవాటుకి ప్రభుత్వమే ఇలా కాగితం మీద ముద్ర వేసింది. నల్లవాళ్ల పేటలకు అప్పు పుట్టలేదు. అప్పు పుట్టని చోట ఇంటి విలువ పెరగలేదు. విలువ పెరగని చోట బడికి డబ్బు రాలేదు.

1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు జాతుల వారీ బడులు చెల్లవంది. డాలస్‌లో అది అమలు కావడానికి 1970లో సామ్ టాస్బీ అనే నల్లజాతి తండ్రి మళ్లీ కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ కేసు కింద డాలస్ బడులు 2003 దాకా కోర్టు పర్యవేక్షణలో ఉన్నాయి. ఈలోగా తెల్ల కుటుంబాలు పిల్లల్ని తీసుకుని హద్దు దాటిపోయాయి. 1970లో ప్లానో జనాభా 17,872. 1980కి 72,331. హైవే ఉంది, చవకగా స్థలం ఉంది, ఉద్యోగాలున్నాయి, అవీ కారణాలే. కానీ హద్దు దాటితే కోర్టు ఉత్తర్వు వర్తించదన్న లెక్క కూడా అందులో ఉంది. 1974లో డెట్రాయిట్ కేసు మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ లెక్కను ఖాయం చేసింది: శివారు డిస్ట్రిక్టుల తప్పు రుజువు కానిదే వాటిని నగరంతో కలిపి పిల్లల్ని పంచడానికి వీల్లేదు. ఆ రోజు నుంచి గీత గోడైంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది మన టెక్సస్ కథే. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ ఉంది. అక్కడ ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లు. 1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు దాదాపు 400 మంది క్లాసుల్లోంచి బయటికొచ్చి, కట్టడాలు బాగుచేయమని, అర్హతలున్న టీచర్లను ఇమ్మని అడుగుతూ ఊరేగింపుగా వెళ్లారు. డిమిట్రియో రోడ్రిగ్స్ అప్పుడు కెల్లీ వైమానిక స్థావరంలో రేకుల పని చేస్తున్నాడు. ఆయన, తోటి తల్లిదండ్రులు కలిసి కేసు వేశారు. కోర్టు ముందుకొచ్చిన 1967-68 లెక్కలు పన్నుల పని చేసే నాకు కంఠతా వచ్చేశాయి. ఎడ్జ్‌వుడ్ జనం ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టారు. అదే నగరంలోని సంపన్నుల డిస్ట్రిక్ట్ అలమో హైట్స్ జనం కట్టింది 85 సెంట్లు. ఎక్కువ రేటు కట్టిన ఎడ్జ్‌వుడ్‌కి ఒక్కో పిల్లవాడికి వచ్చింది 26 డాలర్లు. తక్కువ రేటు కట్టిన అలమో హైట్స్‌కి వచ్చింది 333. రాష్ట్రం, కేంద్రం ఇచ్చినవి కలిపాక కూడా ఎడ్జ్‌వుడ్‌లో 356, అలమో హైట్స్‌లో 594.

ఈ అంకెలు చూపిస్తే మనవాళ్లు నమ్మరు. ఎక్కువ కట్టినవాడికి తక్కువ రావడమేమిటి అంటారు. ఇళ్ల విలువే తక్కువైతే రేటు ఎంత పెంచినా రాబడి రాదు, అంతే. కింది కోర్టు 1971లో రోడ్రిగ్స్ వైపే తీర్పు చెప్పింది. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5-4తో దాన్ని కొట్టేసింది. చదువు రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని జస్టిస్ పావెల్ రాశాడు. బ్రౌన్ కేసు వాదించి గెలిచిన తర్గుడ్ మార్షల్ అప్పటికి అదే కోర్టులో జడ్జి. ఆయన గట్టిగా విభేదించాడు.

ఎడ్జ్‌వుడ్ ఊరుకోలేదు. 1984లో ఈసారి రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా కేసు వేశారు. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒకే మాటగా ఈ పద్ధతి చెల్లదన్నారు. చట్టాలు చేయడం, కోర్టు కొట్టేయడం కొన్నేళ్లు సాగి, 1993లో చేసిన చట్టం చివరికి నిలిచింది. ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత తీసి మిగతావాటికి పంచుతారు. జనం దానికి పెట్టిన పేరు రాబిన్‌హుడ్. మన ప్లానో నుంచీ అలా డబ్బు వెళ్లింది. "మన పన్ను మన పిల్లలకు కాకుండా పోతోంది" అని దీని మీద విసుక్కునే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లకు 26, 333 అంకెలు చెప్తాను. రాష్ట్రం తన వాటా సరిగ్గా పెడుతోందా లేదా అని అడగడం న్యాయం. ఎడ్జ్‌వుడ్ పిల్లవాడికి ఇవ్వకూడదనడం న్యాయం కాదు.

అదే 1993లో టెక్సస్ బడులకు పరీక్షల ఫలితాలను బట్టి రేటింగులు ఇచ్చే పద్ధతీ చట్టమైంది. 2002లో బుష్ సంతకం చేసిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టంతో అలాంటి లెక్కలు దేశమంతా వచ్చాయి. ఇప్పుడు ఇళ్ల వెబ్‌సైట్లలో పడగ్గదుల సంఖ్య పక్కనే బడి అంకె కూడా ఉంటుంది. దానికి ఎంత విలువుందో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో లెక్కగట్టింది. బోస్టన్ శివార్లలో స్కూలు హద్దుకి అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి చూస్తే, పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న వైపు ఇంటి ధర దాదాపు 2.5 శాతం ఎక్కువగా తేలింది.

మరి ఆ మార్కులు బడి గొప్పతనమేనా? 1966లో జేమ్స్ కోల్మన్ బృందం దేశమంతా లక్షలాది విద్యార్థుల్ని పరిశీలించి, మార్కుల్లో తేడాలకు బడి సదుపాయాల కన్నా ఇంటి పరిస్థితే ఎక్కువ కారణమని చెప్పింది. తల్లిదండ్రులిద్దరూ ఇంజనీర్లై, సాయంత్రం లెక్కల ట్యూషన్ పెట్టించే పేటలో బడికి తొమ్మిది రావడంలో వింతేముంది? ఆ తొమ్మిదిలో మన వంటింటి బల్ల దగ్గర చేయించిన హోంవర్క్ కూడా ఉంది. అందుకే నేను మొత్తం అంకె చూడొద్దంటాను. టెక్సస్ ఇచ్చే రేటింగులో పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారో చూపే భాగం విడిగా ఉంటుంది. అది చూడమంటాను. టీచర్లు నిలుస్తున్నారా, హద్దులు మార్చే ఆలోచన ఉందా అని ట్రస్టీల బోర్డు మీటింగులో అడగమంటాను.

హద్దులు శాశ్వతం అనుకోవడం కూడా పొరపాటే. పిల్లల సంఖ్య తగ్గడంతో ప్లానో బోర్డు 2024 జూన్‌లో నాలుగు బడులు మూయాలని నిర్ణయించింది. ఇళ్ల ధరలు పెరిగి చిన్న పిల్లలున్న జంటలు కొనలేక ఇంకా ఉత్తరానికి పోతున్నారు. మంచి బడి కోసం పెరిగిన ధరే చివరికి బడిని ఖాళీ చేసే కారణాల్లో ఒకటైంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి పన్ను కడతారు, ఓటు ఉండదు. కానీ బోర్డు మీటింగులో లేచి మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. పౌరసత్వం వచ్చినవాళ్లు ట్రస్టీల ఎన్నికలకు తప్పకుండా వెళ్లాలి. ఆ ఎన్నికల్లో ఓటేసేవాళ్లు చాలా కొద్దిమంది. పిల్లల కోసం ముప్పై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకునే మనం, ఆ పిల్లల బడిని నడిపేది ఎవరో తేల్చే రోజు ఇంట్లో కూర్చోకూడదు. రాజధాని ఆస్టిన్‌లో రాష్ట్ర నిధుల మీద చర్చ నడిచేటప్పుడు మన డిస్ట్రిక్ట్‌తో పాటు ఎడ్జ్‌వుడ్ లాంటివాటి కోసం కూడా అడగాలి. డిమిట్రియో రోడ్రిగ్స్ 2013లో కన్నుమూశాడు. ఆయన కేసు వేసింది అలమో హైట్స్‌కి ఇల్లు మార్చుకోవడానికి కాదు, తన పేటలోనే మంచి బడి కావాలని. మనం కోరుకునేదీ అదే బడి. కొనుక్కోగలిగినవాళ్లకే కాక అందరికీ అది దక్కాలన్నదే నా వాదన.