నికెల్ సూపర్ అల్లాయ్‌ల ఆక్సీకరణం: బలానికీ రక్షణకూ మధ్య సాగిన చరిత్ర

ఉపోద్ఘాతం

ఇనుముకు తుప్పు పట్టడం, రాగికి చిలుము పట్టడం లోహాలు పరిసరాలతో చర్య జరుపుతాయనడానికి నిత్యజీవితంలో కనిపించే నిదర్శనాలు. జెట్ ఇంజిన్ టర్బైన్‌లో వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా పనిచేసే నికెల్ మిశ్రమలోహపు బ్లేడు సైతం ఆక్సీకరణకు లోనవుతుంది. అంతటి వేడిలో ఆ చర్యను పూర్తిగా నివారించడం అసాధ్యం. ఏ ఆక్సైడ్ ఏర్పడాలో, అది ఎంత నెమ్మదిగా పెరగాలో నిర్దేశించడమే లోహశాస్త్రజ్ఞుడు చేయగలిగిన పని. సూపర్ అల్లాయ్‌ల చరిత్రను సాధారణంగా బలం పెరిగిన క్రమంగా, అంటే నిరంతర భారం కింద నెమ్మదిగా సాగిపోవడమనే క్రీప్ దోషాన్ని జయించిన క్రమంగా వివరిస్తారు. ఆ క్రమంలోని ప్రతి మలుపు వద్దా ఆక్సీకరణం హద్దు గీసిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తాపన తీగ నుంచి పొర సిద్ధాంతం వరకు

ఈ లోహకుటుంబానికి మూలం విద్యుత్ పొయ్యిలో ఉంది. సుమారు 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం గల నైక్రోమ్ తీగకు ఆల్బర్ట్ మార్ష్ 1906లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఎర్రగా కాలుతూ కూడా ఆ తీగ త్వరగా నశించకపోవడానికి కారణం దాని ఉపరితలంపై ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. అయితే ఆ పొర ఎందుకు రక్షణ కల్పిస్తుందో వివరించే సిద్ధాంతం అప్పటికి లేదు.

ఆ లోటు రెండు, మూడు దశాబ్దాలలో తీరింది. పొర మందపు వర్గం కాలానికి అనులోమానుపాతంలో ఉంటుందనే పరావలయ నియమాన్ని 1920లో టామన్, 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ ప్రతిపాదించారు. ఈ నియమం ప్రకారం ఒక గంటలో ఒక మైక్రాన్ మందం పెరిగిన పొర పది మైక్రాన్లకు చేరడానికి వంద గంటలు పడుతుంది. అంటే పొర తన ఎదుగుదలకు తానే అడ్డుగోడ అవుతుంది. ఆక్సైడ్ ఘనపరిమాణానికీ, దాని కోసం ఖర్చయిన లోహపు ఘనపరిమాణానికీ గల నిష్పత్తి పొర రక్షణశక్తిని సూచిస్తుందని కూడా పిల్లింగ్, బెడ్‌వర్త్ భావించారు. నికెల్ ఆక్సైడ్‌కు ఈ నిష్పత్తి సుమారు 1.65, అల్యూమినాకు 1.28. రెండూ ఒకటి కంటే ఎక్కువే అయినా వాటి రక్షణశక్తిలో ఎంతో అంతరం ఉంది. ఆ అంతరానికి కారణం 1933లో కార్ల్ వాగ్నర్ సిద్ధాంతంతో స్పష్టమైంది: అయాన్లు, ఎలక్ట్రాన్లు పొర గుండా వ్యాపించే వేగమే ఆక్సీకరణ వేగాన్ని నిర్ణయిస్తుంది. నికెల్ ఆక్సైడ్‌లో ఆ వ్యాపనం వేగవంతం, క్రోమియం ఆక్సైడ్‌లో మందం, అల్యూమినాలో అత్యంత మందం.

బలం కోరిన మూల్యం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో జెట్ ఇంజిన్ అవసరాల కోసం బ్రిటన్‌లోని మాండ్ నికెల్ కంపెనీ నిమోనిక్ మిశ్రమలోహాలను రూపొందించింది. వాటికి ఆధారం 80–20 నికెల్-క్రోమియం మిశ్రమమే. దానికి టైటానియం, అల్యూమినియం స్వల్పంగా చేర్చి నిమోనిక్ 80ను తయారుచేశారు. ఈ మూలకాలు నికెల్‌తో కలిసి గామా ప్రైమ్ అనే సూక్ష్మకణాలుగా ఏర్పడి లోహానికి బలాన్నిచ్చాయి. ఈ దశలో బలమూ రక్షణా ఒకే మిశ్రమంలో ఇమిడాయి.

గామా ప్రైమ్ పాలు పెంచాలనే ప్రయత్నంతో ఆ పొత్తు చెదిరింది. మొదటి ఆటంకం కొలిమిలోనే ఎదురైంది. గాలిలో కరిగిస్తే అల్యూమినియం, టైటానియం ఆక్సీకరణకు గురవుతాయి. 1950లలో శూన్యప్రేరణ ద్రవీకరణ పారిశ్రామిక స్థాయికి రావడంతో ఆ ఆటంకం తొలగింది. రెండో ఆటంకం మిశ్రమపు కూర్పుకు సంబంధించినది. గామా ప్రైమ్‌ను పెంచడానికి క్రోమియాన్ని తగ్గించవలసి వచ్చింది. నిమోనిక్ 80లో 20 శాతం ఉన్న క్రోమియం ఐఎన్-100లో సుమారు 10 శాతానికి దిగింది. సముద్రపు గాలిలోని ఉప్పు, ఇంధనంలోని గంధకం కలిసి ఏర్పరచే సోడియం సల్ఫేట్ 884 డిగ్రీల వద్ద కరిగి, ఆక్సైడ్ పొరను తనలో కరిగించుకోగలదు. ఈ ఉష్ణక్షయానికి క్రోమియం తక్కువైన మిశ్రమలోహాలు సులభంగా లొంగాయి. క్రోమియం సుమారు 16 శాతం గల ఐఎన్-738 వంటివి ఈ అనుభవం నేర్పిన పాఠానికి ఫలితాలు.

అల్యూమినా వైపు మలుపు

క్రోమియం ఆక్సైడ్‌కు మరో పరిమితి ఉంది. దాదాపు వెయ్యి డిగ్రీలు దాటితే అది ఆక్సిజన్‌తో మరింత చర్య జరిపి ఆవిరిరూప ఆక్సైడ్‌గా తరిగిపోతుంది. అందువల్ల అల్యూమినా పొర అనివార్యమైంది. 1971లో గిగిన్స్, పెటిట్ నికెల్-క్రోమియం-అల్యూమినియం మిశ్రమాలను 1000 నుంచి 1200 డిగ్రీల మధ్య పరీక్షించి మూడు తరగతులుగా విభజించారు. మొదటి తరగతిలో వెలుపల నికెల్ ఆక్సైడ్ ఏర్పడుతుంది, క్రోమియం, అల్యూమినియం లోలోపలే ఆక్సీకరణం చెందుతాయి. రెండో తరగతిలో వెలుపలి పొర క్రోమియం ఆక్సైడ్. మూడో తరగతిలో అల్యూమినా. నికెల్‌లో అల్యూమినియం ఒక్కటే ఉంటే నిరంతర అల్యూమినా పొర కోసం అది అధిక పరిమాణంలో కావాలి. తోడుగా క్రోమియం ఉంటే అంతకన్నా చాలా తక్కువ సరిపోతుంది. నేటికీ బోధనలో వాడే వర్గీకరణ ఇదే.

ఏర్పడిన పొర అంటిపెట్టుకొని ఉండటం వేరొక సమస్య. ఇంజిన్ వేడెక్కి చల్లారే ప్రతిసారీ లోహం, ఆక్సైడ్ వేర్వేరు మేరకు సంకోచించడం వల్ల పొర పెచ్చులూడుతుంది. కొన్ని అరుదైన మూలకాలను స్వల్పంగా చేర్చితే తాపన తీగల ఆయుష్షు పెరుగుతుందని 1930లలోనే తెలుసు. దాని మర్మం 1980లలో గాని బయటపడలేదు. లోహంలోని అత్యల్ప గంధకం ఆక్సైడ్ అంచుకు చేరి బంధాన్ని బలహీనపరుస్తుంది. యిట్రియం ఆ గంధకాన్ని పట్టి ఉంచుతుంది. గంధకాన్ని పది లక్షలలో ఒక వంతు కంటే తగ్గిస్తే యిట్రియం లేకుండానే పొర నిలుస్తుందని తేలడం ఈ వివరణకు బలమిచ్చింది. అర్ధశతాబ్దం పాటు వాడుకలో ఉన్న ఉపాయానికి శాస్త్రం అప్పుడు తోడైంది.

భారత సందర్భం, ముగింపు

ఈ విజ్ఞానం తెలుగు నేలకు దూరమైనది కాదు. హైదరాబాదులో 1963లో ఏర్పడిన రక్షణ లోహశాస్త్ర పరిశోధనాశాల, 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ సూపర్ అల్లాయ్‌ల పరిశోధనకూ ఉత్పత్తికీ కేంద్రాలయ్యాయి. ఆ పరిశోధనాశాల ఏకస్ఫటిక బ్లేడ్లను రూపొందించి, హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 బ్లేడ్లను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసినట్లు 2021లో ప్రకటన వెలువడింది.

నైక్రోమ్‌లో బలానికీ రక్షణకూ ఒకే లోహం బాధ్యత వహించింది. నేటి బ్లేడులో ఆ బాధ్యతలు విడిపోయాయి: భారం మోసేది ఏకస్ఫటికం, ఆక్సీకరణను ఎదుర్కొనేది దానిపై అల్యూమినియం సమృద్ధిగా గల పూత, వేడిని అడ్డుకొనేది ఆపైని సిరామిక్ పొర. ఆ పూతకూ సిరామిక్‌కూ నడుమ ఎదిగే అల్యూమినా మందం కొన్ని మైక్రాన్లే. అది పెచ్చులూడితే పైనున్న సిరామిక్ కూడా రాలిపోతుంది. కనుక బ్లేడు ఆయుర్దాయాన్ని లెక్కించేటప్పుడు క్రీప్ వక్రరేఖతో పాటు ఈ పొర చరిత్రను కూడా చదవాలి.