సీసాలోని పులుపు, సీసాపై చీటీ

నెల్లూరు జిల్లా పడమటి సీమలో, చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములందు, ఊరగాయ అనగా చిరకాలము ఇంటి వస్తువే. వేసవిలో మామిడికాయ కొట్టి, జాడీలో ఊరవేసి, వాసెన గట్టి, ఏడాది పొడుగునా తినుట అలవాటు. నేడు కిరాణా కొట్టులో ఊరగాయ సీసాల పక్కన టొమాటో కెచప్, మిరపకాయ సాసు కూడ చేరినవి. నగరములలోని పెద్ద అంగళ్లలో బార్బెక్యూ సాసు కూడ దొరకుచున్నది. నిప్పులపై కాల్చిన మాంసమునకు అమెరికావారు పూయు తీపి పులుసు అది. వీనిలో ఏ సీసా కొనదగినది? రుచి మాట ఎవరి నాలుక వారిది. కాని ఆ సీసా నెలల తరబడి చెడక ఎట్లున్నది, లోపల ఏమున్నది అను ప్రశ్నలకు చరిత్ర కొంత సమాధానము చెప్పగలదు.

ముందు మన జాడీ సంగతి చూతము. ఆవకాయలోని ఉప్పు మామిడిముక్కల నీటిని బయటికి లాగును. సూక్ష్మజీవులు వాడుకొనదగిన నీరు తగ్గిపోవును. మామిడి పులుపు రెండవ కావలి. పి.హెచ్. 4.6 కంటె తక్కువగా ఉన్నచో బొట్యులినమ్ అను ప్రాణాంతక విషమును పుట్టించు సూక్ష్మజీవి పెరుగజాలదు. పైన తేలు నూనె గాలిని అడ్డుకొని బూజును ఆపును. ఆవపిండి ఘాటు కూడ కొంత సాయపడును. అయితే నూనె నొక్కదానినే నమ్మరాదు. పులుపు లేని పచ్చి వెల్లుల్లిని ఉత్త నూనెలో ముంచి ఉంచినచో, గాలి లేని ఆ చోటనే బొట్యులినమ్ వర్ధిల్లును. ఇక మిరపకాయ ఈ ఇంటికి కొత్త చుట్టము. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలవలన అమెరికా ఖండమునుండి మనకు వచ్చినది.

పులుపు లోహమును తినును. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచిన చిలుమెక్కునని మన అవ్వలకు తెలియును. ఉదయగిరి పనివారు చెక్కు కొయ్య గరిటెలు ఊరగాయకు తగియుండుటకు కారణమిదియే. 1820లో ఫ్రెడరిక్ ఆకమ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లండనులో ఆహారపు కల్తీలపై ఒక గ్రంథము ప్రకటించెను. అంగడి ఊరగాయల నిగనిగలాడు పచ్చదనము రాగివలన వచ్చినదని అందు హెచ్చరించెను. మన ఇండ్లలో భయపడిన చిలుమునే అక్కడి వర్తకులు రంగుగా అమ్ముకొనిరన్నమాట!

ఇంటిలో ఊరవేయువారే తినువారు. అంగడిలో అట్లు కాదు. అమెరికాలో 19వ శతాబ్దపు చివర చాలమంది కెచప్ తయారీదారులు, డబ్బాలలో టొమాటోలు నింపగా మిగిలిన తొక్కలను, ముక్కలను వాడెడివారు. అవి అప్పటికే పులియుచుండెడివి. చెడిపోవుటను ఆపుటకు సోడియమ్ బెంజోయేటు, ఎరుపునకు తారురంగులు కలిపెడివారు. ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ప్రధాన రసాయనజ్ఞుడైన హార్వే వైలీ 1902లో కొందరు యువకులకు ఇట్టి నిల్వ మందులను కొలతప్రకారము భోజనముతో పెట్టి పరీక్షింప నారంభించెను. పత్రికలు వారిని ‘విషదళము’ అనెను. 1906లో ఆహార, ఔషధ శుద్ధి చట్టము వచ్చినది. ఇంతలో హైన్జ్ కంపెనీ, బాగుగా పండిన టొమాటోలకు సిర్కా, చక్కెర హెచ్చుగా చేర్చినచో బెంజోయేటు అక్కరలేదని చేసి చూపెను. (ఖర్చు భరింపలేని పోటీదారులను దెబ్బతీయు వర్తకనీతి కూడ ఇందు లేకపోలేదు.) ఇది మన జాడీ సూత్రమే గదా! వైలీ వాదమంతయు నిలిచినదనరాదు. కొద్ది పరిమాణములో బెంజోయేటును నేటికిని పలుదేశములు అనుమతించుచున్నవి. అదియు పులుపులోనే బాగుగా పనిచేయును.

అనేక బార్బెక్యూ సాసులలో చేరు వూస్టర్ సాసు మనకు దూరపు బంధువు. 1837 నుండి లీ, పెరిన్స్ అను ఇంగ్లీషు మందుల వర్తకులు అమ్మిన ఈ సాసులో సిర్కా, ఊరవేసిన ఆంకోవీ చేపలు, మన చింతపండు కూడ కలవు. సాండిస్ ప్రభువను బెంగాలు గవర్నరు దీని యోగమును తెచ్చెనని కథ. ఆ పేరుగల గవర్నరు బెంగాలునకు ఎన్నడును లేడు! బార్బెక్యూ సాసును సీసాలకెత్తి దేశమంతట అమ్మిన పెద్ద కంపెనీలలో మొదటిది హైన్జ్. అది 1940 నాటి మాట.

మన దేశమున 1955 నాటి ఫలోత్పత్తుల ఉత్తర్వు, ఉప్పునీటి ఊరగాయలలో ఉప్పు నూటికి 12 పాళ్లకు తగ్గరాదని నియమించినది. హైదరాబాదులో 1980లో మొదలైన ప్రియా వంటి సంస్థలు తెలుగువారి పచ్చళ్లను సీసాలలో పరదేశములకు కూడ చేర్చినవి. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టము అమలులోనికి వచ్చుటతో పాత ఉత్తర్వు తొలగినది.

చట్టములున్నను కన్నుగప్పువారు ఉందురు. 2003లో ఫ్రాన్సు, భారతదేశపు మిరప సరకులో సూడాన్-1 అను రంగును కనుగొనెను. అది మైనమునకు, నూనెలకు వేయు రంగు. జంతువులపై జరిపిన ప్రయోగములలో కంతులు పుట్టించినది. 2005 ఫిబ్రవరిలో ఇట్టి మిరపపొడి కలిసిన వూస్టర్ సాసు ఒకటి బ్రిటనులో బయటపడగా, దానిని వాడిన 400కు పైగా ఆహార పదార్థములను అంగళ్లనుండి వెనుకకు తీసికొనవలసి వచ్చినది. చిక్కు ఎక్కడ ఉన్నదనగా, మిరప సహజవర్ణము, సూడాన్ రెండును నూనెలోనే కరగును. ఊరగాయపై తేలు ఎర్రని నూనెను చూచి ఏది ఏదో కన్ను చెప్పజాలదు. ప్రయోగశాలలో వర్ణలేఖనము వలననే తెలియును. కనుక మిక్కిలి ఎరుపే మేలిరకమునకు గురుతని ఎంచుట ప్రమాదము.

కొనువాని చేతిలోనున్నది చీటీ. అందు దినుసులను బరువు ప్రకారము, ఎక్కువది ముందుగా వ్రాయవలెను. బార్బెక్యూ సాసు చీటీలో మొదట చక్కెరయే ఉన్నచో అది పులుసు కాదు, పానకము! శాకాహారులు ఆకుపచ్చ చుక్కను చూచుకొనవలెను. లేనిచో వూస్టర్ సాసు చాటున చేప రావచ్చును. తెరచిన పిమ్మట తడి గరిటె పెట్టినచో ఆ నీటికి పైపొరలోని ఉప్పు, పులుపు పలుచనగును. బూజు మొదట అక్కడనే పట్టును.