కంపెనీ వదిలేసినా పాట ఆగలేదు: స్క్వీజ్‌బాక్స్ కథ

మీ ప్లేలిస్ట్‌లో ఒక్కోసారి ఏదో పాట బూడిద రంగులోకి మారిపోయి, ఎంత నొక్కినా ప్లే అవ్వదు, గమనించారా? చాలాసార్లు జరిగేదేంటంటే, ఆ యాప్‌కీ, పాట హక్కులున్న కంపెనీకీ మధ్య ఒప్పందం అయిపోయి ఉంటుంది. నెలనెలా డబ్బులు కట్టేది మనం, పాట ఉండాలా పోవాలా అని తేల్చేది వాళ్లు. ఇవాళ్టి కథ దీనికి పూర్తిగా రివర్స్‌లో నడిచిన ఒక చిన్న పెట్టెది.

2001కి వెళ్దాం. అమెరికాలో నాప్‌స్టర్ పుట్టి రెండేళ్లయింది. కోర్టు దెబ్బకి ఆ జూలైలోనే ఆగిపోయింది. కానీ అప్పటికే జనం కంప్యూటర్ల నిండా ఎంపీత్రీ పాటలే. ఎందుకంటే సీడీలో పాటకి సెకనుకి సుమారు 1,411 కిలోబిట్లు కావాలి, ఎంపీత్రీ 128తో సరిపెట్టేస్తుంది. అందుకే అప్పటి నత్తనడక ఇంటర్నెట్‌లో కూడా పాటలు చేతులు మారాయి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, పాటలేమో గదిలో ఉన్న కంప్యూటర్‌లో, మంచి స్పీకర్లేమో హాల్లో!

కాలిఫోర్నియాలో షాన్ ఆడమ్స్ పెట్టిన స్లిమ్ డివైసెస్ అనే బుల్లి కంపెనీ దీనికి ‘స్లిమ్‌పీత్రీ’ అనే పెట్టె చేసింది. అందులో హార్డ్ డిస్క్ లేదు. పాటలు కంప్యూటర్‌లోనే ఉంటాయి. అక్కడ నడిచే సర్వర్ సాఫ్ట్‌వేర్ వాటిని ఇంటి నెట్‌వర్క్ కేబుల్ మీదుగా పంపుతుంది, పెట్టె అందుకుని ఆంప్లిఫయర్‌కి ఇస్తుంది. అంతే. 2003లో వైఫైతో స్క్వీజ్‌బాక్స్ వచ్చింది. రెండు మూడు పెట్టెలు కొంటే గదిగదికీ ఒకే పాట, ఒకే క్షణంలో మోగించొచ్చు.

నా దృష్టిలో వాళ్లు చేసిన అసలు గొప్ప పని పెట్టె కాదు. సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశారు చూడండి, అదీ! ఎవరైనా కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఆ రోజు అదేదో టెకీల సరదాలా కనిపించి ఉంటుంది.

2006లో లాజిటెక్ ఈ కంపెనీని 2 కోట్ల డాలర్లకి కొనేసింది. కొన్ని మంచి మోడళ్లు తెచ్చింది. 2012లో మొత్తం స్క్వీజ్‌బాక్స్ వరసకే స్వస్తి చెప్పేసింది. మామూలుగా అయితే కథ ఇక్కడ కంచికి వెళ్లాలి.

వెళ్లలేదు. ఎందుకంటే అదే ఏడాది ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. క్రెడిట్ కార్డంత కంప్యూటర్, ధర 35 డాలర్లు. పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పడానికి చేశారు దాన్ని. సంగీతప్రియులు మాత్రం ఓపెన్‌గా ఉన్న ఆ కోడ్‌ని దీని మీద నడిపించి, సొంత స్క్వీజ్‌బాక్స్ తయారు చేసేసుకున్నారు. పైకోర్‌ప్లేయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని మెమరీ కార్డులో ఎక్కిస్తే చాలు. ఒక్క లోటేంటంటే, ఆ బోర్డు హెడ్‌ఫోన్ జాక్‌లో సౌండ్ పలచగా, కాస్త గరగరగా ఉండేది. దానికీ దారి దొరికింది. డిజిటల్ అంకెల్ని స్పీకర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న డాక్ బోర్డుని పైన తగిలించడమే.

2024లో లాజిటెక్ తన ఆన్‌లైన్ సర్వీసు మైస్క్వీజ్‌బాక్స్‌ని కూడా మూసేసింది. దాని మీదే ఆధారపడి రేడియో వినేవాళ్లకి ఇబ్బందే అయింది. ఇంట్లో సొంత సర్వర్ ఉన్నవాళ్ల పాటలు మాత్రం ఎప్పట్లాగే మోగాయి. వాలంటీర్లు ఆ సాఫ్ట్‌వేర్‌కి ‘లిరియన్ మ్యూజిక్ సర్వర్’ అని కొత్త పేరు పెట్టుకుని నడుపుతున్నారు.

మన ఇళ్లలో అటక మీద ‘100 పాటల’ ఎంపీత్రీ సీడీలు ఉండే ఉంటాయి కదా? వాటిని పాత ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, అందులో లిరియన్ వేయండి. అది ఉచితమే. రిమోట్ కొనక్కర్లేదు, మీ చేతిలో ఫోన్ ఉంది. ల్యాప్‌టాప్‌కీ స్పీకర్‌కీ మధ్య ఒక రాస్ప్‌బెర్రీ పై, ఒక డాక్ బోర్డు చాలు. ఎవరింట్లోనైనా 2003 నాటి స్క్వీజ్‌బాక్స్ పాడవకుండా ఉంటే, ఇప్పటి లిరియన్ దానికీ పాటలు పంపుతుంది.